శేషగిరి వయొలిన్ నిండుకున్న వైనం

మంగళవారం పొద్దున్న ఏడున్నరకు శేషగిరి తన కంప్యూటర్లో వయొలిన్ ట్రాకును కాపీ చేయగానే, బాత్‌రూమ్ తలుపు తీసుకుని రెండో శేషగిరి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. వంటగదిలో ఉన్న అతని భార్య హైమవతి అడుగుల చప్పుడు విని, కాఫీకి మరో గ్లాసు పాలు ఎక్కువ పోసింది. ఇంట్లో కూర్చుని పాటలు చేసుకునేవాళ్లున్న చోట ఇది జరిగేదే. కాకినాడలో వాళ్లుండే అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర, చెప్పులు వరసగా విడవాలనే సూచనకూ లిఫ్టులో సైకిళ్లు ఎక్కించకూడదనే సూచనకూ మధ్య, "ట్రాకులు కాపీ చేయదలచినవారు నీళ్ల ట్యాంకు నిమిత్తం ముందుగా కార్యదర్శికి తెలియజేయవలెను" అని ఎప్పటినుంచో రాసి ఉంది. శేషగిరి తెలియజేయలేదు. ఒక్క కాపీయే కదా అనుకున్నాడు. అందరూ మొదట అలాగే అనుకుంటారు.

శేషగిరికి నలభై తొమ్మిదేళ్లు. రిజిస్ట్రేషన్ ఆఫీసు నకళ్ల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. పాత దస్తావేజులకు నకళ్లు తీసి, "అసలుకు సరియైన నకలు" అని ముద్ర వేసి, కింద పొట్టి సంతకం గీకడం ఇరవై రెండేళ్లుగా అతని పని. ఆ సంతకం కాక అతను సొంతంగా చేసింది ఈ భూమ్మీద ఇంకొకటే ఉంది. అది హిందోళంలో నాలుగు నిమిషాల వయొలిన్ పాట.

ఆ పాటను అతను మొదటిసారి పెళ్లిచూపుల్లో వాయించాడు. తనను పాడమంటారేమోనని హైమవతి వణికిపోతుంటే, ఆ రోజు అబ్బాయే పెట్టెలోంచి వయొలిన్ తీశాడు. రెండో వరసలో గాంధారం దగ్గర తల ఎత్తి అమ్మాయిని చూశాడు. చూస్తూ కమాను ఒక్క క్షణం ఆపేసి, తేరుకుని మళ్లీ అందుకున్నాడు. ఎలా ఉందమ్మా అని పెద్దవాళ్లు అడిగితే, "బాగుంది. కాస్త పలచగా ఉంది" అంది హైమవతి. పాలు కూడా మొదట పలచగానే ఉంటాయి, కాగితే చిక్కబడతాయి అని ఆమె తండ్రి నవ్వి సంబంధం ఖాయం చేశాడు. ఇరవై మూడేళ్లుగా శేషగిరి కాగుతూనే ఉన్నాడు. ఆమె నోట ఒక్కసారి "నిండుగా ఉంది" అనిపించుకోవాలన్నదే అతని కోరిక. అంతకు మించి సంగీతం నుంచి అతను ఏమీ ఆశించలేదు.

దీనికోసం అతను బట్టల బీరువా ఉండే చిన్న గదిని ఖాళీ చేశాడు. గోడలకు పాత బొంతలు మేకులతో కొట్టి, ఒక మైకు, ఒక కంప్యూటరు, చెవులు పిండేసే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. దాన్ని అతను స్టూడియో అనేవాడు. హైమవతి బొంతల గది అనేది. ఇద్దరూ ఒకే తలుపు తీసేవారు. బయట మిక్సీ తిరిగినంతసేపూ లోపల మిక్సింగ్ ఆగేది. ఇలాంటి గదులున్న మగవాళ్లందరిదీ ఒకటే జబ్బు, ఇది రాస్తున్నవాడికి కూడా అది కాస్త అంటుకుంది. వాయించడం కుదరనప్పుడల్లా వీళ్లు సామాను మారుస్తారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, ఓడు మద్దెలను బాగుచేసే మీటలు కంప్యూటర్లో వస్తాయని ఆ అన్నవాళ్లకు తెలియదు.

మొదటి రోజు ఫలితం ఏమంత బాగా లేదు. రెండో శేషగిరికీ మొదటివాడికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇద్దరూ ఒకేసారి దగ్గారు, ఒకేసారి పేపరు కోసం చెయ్యి చాపారు, ఒకేసారి "హైమా, నా కళ్లజోడేదీ" అన్నారు. హైమవతి హైస్కూల్లో లెక్కల టీచరు. పాట రెండు నిమిషాలు విని, పిండి చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పింది.

"గట్టిగా ఉందండీ. నిండుగా లేదు."

"ఇద్దరం వాయించాం కదే."

"ఒకటికి ఒకటి కలిపితే రెండు. ఒకటిని ఒకటితో గుణిస్తే ఎంత? ఒకటే. మీరు గుణించారు" అని ఆమె బడికి వెళ్లిపోయింది.

ఆమె చెప్పింది సరైనదేనని ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పే ఒక గడ్డం ఆసామి కూడా ధ్రువపరిచాడు. అచ్చం ఒకేలా ఉన్న రెండు ట్రాకులు కలిస్తే చప్పుడు పెరుగుతుందే తప్ప స్ట్రింగ్స్‌కు, అంటే తీగవాద్యాల మోతకు, దళసరితనం రాదు. అందుకని ప్రతి కాపీనీ కాస్త పాడుచేయాలి. ఒకదాని శ్రుతి కొంచెం దించాలి, ఒకదాన్ని కొంచెం ఆలస్యం చేయాలి, ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి నెట్టాలి. నిజమైన కచేరీలో పదిమంది వాయిస్తే పదిమందీ పది రకాలుగా తప్పుతారు, ఆ తప్పులన్నీ కలిసిందే నిండుదనం అన్నాడు ఆసామి. ఇది శేషగిరికి బాగా నచ్చింది. తప్పడం అతనికి చేతనైన పనే.

ఆదివారానికి ఏడు కాపీలయ్యాయి. రెండోవాడి శ్రుతి కాస్త దించాడు, దాంతో అతను దేనికైనా "సరేలే" అనే మనిషి అయ్యాడు. మూడోవాడిని సెకనులో యాభయ్యో వంతు ఆలస్యం చేశాడు. అతను ఎవరేం చెప్పినా చివరిదాకా విని ఆ తర్వాతే జవాబిచ్చేవాడు. నాలుగోవాడికి శ్రుతి కాస్త పెంచితే, పొద్దున్నే పేపర్లో అచ్చుతప్పులు కనిపెట్టి సంపాదకుడికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఎడమకు నెట్టిన ఐదోవాడు బాల్కనీ వైపు, కుడికి నెట్టిన ఆరోవాడు వీధిగుమ్మం వైపు ఉండిపోయారు, హాలు మధ్యకు ఇద్దరూ వచ్చేవారు కారు. ఏడోవాడిని ఒక స్థాయి కిందికి దించాడు. అతను మాట్లాడితే గ్లాసుల్లో నీళ్లు కదిలేవి. ఎనిమిదోవాడికి కింది శబ్దాలు కోసేసి, మంటపంలో వాయించినట్టు ప్రతిధ్వని పెట్టాడు. కోసిన కారణంగా అతను మోకాళ్ల కింద కాస్త పలచబడ్డాడు గానీ లుంగీ కట్టుకుంటే తెలిసేది కాదు. ప్రతిధ్వని కారణంగా అతను ఏ గదిలో ఉన్నా పక్క గదిలో ఉన్నట్టే ఉండేది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. రెండో వరస గాంధారం దగ్గర ఎనిమిది మందీ ఒకేసారి ఆగేసరికి, వినేవాళ్లకు కరెంటు పోయినట్టనిపించింది. శేషగిరి ఏడు కాపీల్లోనూ ఆ సందును కత్తిరించి, రెండు కొసలూ అతికించాడు. అసలు ట్రాకును మాత్రం ముట్టుకోలేదు. అసలు కాగితం మీద పెన్ను పెట్టకూడదన్నది ఆఫీసులో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి.

తొమ్మిదిమంది భోంచేసే ఇల్లు ఎలా నడుస్తుందో ఆ ఇల్లు అలాగే నడిచింది. బుధవారం పొద్దున్న హైమవతి డబ్బా అడుగున గిద్దె గీసి, "ఏవండీ, బియ్యం నిండుకున్నాయి" అంది. అన్నం పెట్టే వస్తువును అయిపోయింది అనకూడదని ఆమెకు చిన్నప్పుడే వాళ్లమ్మ నేర్పింది. ఆ ఊళ్లో చాలామంది అమ్మలు నేర్పారు. ఎనిమిది మందీ లేచి సంచీ కోసం వెతికారు, మూడోవాడు కాస్త ఆలస్యంగా లేచాడు.

గురువారం అపార్ట్‌మెంటు కార్యదర్శి వీర్రాజు గారు వచ్చారు. ఆయన నీటిపారుదల శాఖలో రిటైరయ్యారు. ట్యాంకులో నీటిమట్టాన్ని రోజుకు మూడుసార్లు కొలిచి నోట్‌బుక్కులో రాసుకుంటారు.

"శేషగిరి గారూ, మీ ఫ్లాట్‌లో ఎంతమందండీ?"

"ఇద్దరమేనండి. నేనూ, మా ఆవిడా."

"మీరంటే ఎంతమందండీ?"

శేషగిరి చెప్పాడు. వీర్రాజు గారికి కోపం రాలేదు. మూడో అంతస్తులో తబలా ఆయన పదకొండు మంది ఉన్నారని, ఆయన కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని, కాగితాలుంటే నీళ్లకు లోటు ఉండదని చెప్పారు. "వార్డు ఆఫీసుకెళ్లి నమోదు చేయించేసుకోండి. లేపోతే వాళ్లే వచ్చి రద్దు చేసేస్తారండి. ఇలా నొక్కుతారు, అలా పోతారు, చెప్పులు మాత్రం గుమ్మంలో ఉండిపోతాయండి" అన్నారు. బాల్కనీ వైపు నుంచి ఐదోవాడు ఇది విన్నాడు. ఆ సాయంత్రం ఏడుగురూ తమ చెప్పులు లోపల పెట్టుకున్నారు.

వార్డు ఆఫీసులో నకళ్ల నమోదు చూసే గుమాస్తా పేరు నూకరత్నం. టేబులు మీద ఒక స్టాంపు ప్యాడు, ఒక మల్లెపూల పొట్లం, కొన్ని దరఖాస్తులు ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి టేబులుకు అవతలి వైపు కూర్చున్న శేషగిరి మొదటిసారి ఇవతల కూర్చున్నాడు.

"అసలు తెచ్చారాండి?" అంది నూకరత్నం.

"నేనేనమ్మా అసలు."

"ఆయ్, అందరూ అదే అంటారండి. నిన్న ఒకాయన నలుగురొచ్చి నలుగురూ అదే అన్నారు. రుజువేటుంది?"

శేషగిరి జేబులు తడుముకున్నాడు. ఈ ప్రశ్నను అతను వేలమందిని అడిగాడు గానీ, జవాబు ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఎక్కడైనా తప్పుండాలండి" అంది నూకరత్నం ఓపికగా. "కొట్టివేత గానీ, దిద్దుబాటు గానీ. అసలు కాయితంలో అయ్యుంటాయి. నకల్లో శుభ్రంగా ఉంటది. మీకు తెలీనిదా?"

"గాంధారం దగ్గర ఒకసారి ఆగుతానమ్మా" అన్నాడు శేషగిరి సిగ్గుపడుతూ. "రెండో వరసలో. వాళ్లు ఆగరు."

నూకరత్నం తల ఊపి, పుట్టుమచ్చల గడిలో "రెండవ వరస గాంధారం వద్ద తడబాటు, ఒకటి" అని రాసుకుంది. తర్వాత ఏడుగురి వివరాలు చదివి పెదవి విరిచింది. నకలు అసలుకు సరిగ్గా సరిపోతేనే ముద్ర పడుతుంది, వీళ్లలో ఒక్కడూ సరిపోడు అంది. సరిపోతే నిండుగా ఉండదమ్మా అన్నాడు శేషగిరి. అటువంటి వాళ్లకోసం వేరే దరఖాస్తు ఉందని ఆమె కింది సొరుగు లాగింది. దాని పేరు వాద్యబృంద నమోదు పత్రం. పుట్టుమచ్చల గడిలోని మాటను అందులోకి ఎక్కించింది. దాని నియమం ఒక్కటే. పదిహేను రోజుల్లోగా, వాద్యకారుడు కాని కుటుంబ సభ్యులు ఒకరు ఆ సంగీతం విని, "నిండుగా ఉంది" అని తమంతట తాము అనాలి. అలా అంటే ఏడుగురూ ఆ ఇంటివాళ్లే. అనకపోతే ఏడుగురూ రద్దు, మళ్లీ కాపీ చేసుకునే హక్కు కూడా పోతుంది.

"మీ ఆవిడ గారు అంటారు కదండీ?" అంది నూకరత్నం.

"ఇరవై మూడేళ్లుగా అడుగుతున్నానమ్మా" అన్నాడు శేషగిరి.

ఆ తర్వాతి రెండు వారాలూ బొంతల గదిలో ఎనిమిది మందీ కలిసి పనిచేశారు. ఉన్నది ఒకటే కుర్చీ, దాంట్లో శేషగిరి కూర్చునేవాడు. మిగతావాళ్లు గోడలకు ఆనుకుని వినేవారు. రోజుకొకసారి హైమవతిని పిలిచి వినిపించేవారు. ఆమె కళ్లు మూసుకుని శ్రద్ధగానే వినేది. "చిక్కబడుతోంది. ఇంకా ఎక్కడో నీళ్లున్నాయండీ" అనేది. నిజాయతీ విషయంలో ఆమెతో వేగడం కష్టం. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా అర మార్కు అరగానే ఉంచేది, పైకి సర్దేది కాదు.

నీళ్లెక్కడున్నాయో కనిపెట్టింది నాలుగోవాడు. అచ్చుతప్పులు వెతికే అలవాటుతో అతను ఒక్కో ట్రాకునూ విడివిడిగా విన్నాడు. విని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"మొదటి ట్రాకండీ. అందరం కలిసి వెళ్తుంటే అదొక్కటీ గాంధారం దగ్గర ఆగుతోంది. అక్కడ బొక్క పడుతోంది. పైగా గీరుకుంటోంది."

"అది నాది" అన్నాడు శేషగిరి.

"మాకూ తెలుసండీ" అన్నాడు నాలుగోవాడు. "అందుకే ఇన్నాళ్లూ ఎవరం అనలేదు."

"సరేలే" అన్నాడు రెండోవాడు. మూడోవాడు ఏదో చెప్పబోయేసరికి వాళ్లు తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు.

గడ్డం ఆసామి పాఠంలో కూడా ఇదే ఉంది. పొరలన్నీ కుదిరాక, మొదట వాయించినదాన్ని కాస్త వెనక్కి జరపండి, దాని పని అయిపోయింది అంటాడు. శేషగిరి తన ట్రాకు శబ్దాన్ని మూడు గీతలు తగ్గించాడు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను ఆవకాయ అడిగితే ఎవరికీ వినపడలేదు. రెండోసారి అడిగితే ఏడోవాడు, "ఏదో అన్నట్టుంది" అని కిటికీ వైపు చూశాడు. శేషగిరి లేచి తానే వడ్డించుకున్నాడు. గొంతు తగ్గితే మర్యాద పెరుగుతుందంటారు కదా అని తనకు తాను చెప్పుకుని, ఆ మాట కూడా సరిగ్గా వినపడక నవ్వుకున్నాడు.

మరో మూడు గీతలు తగ్గించాక పాట బాగా మెరుగుపడింది. ఇల్లు కూడా మెరుగుపడింది. ఆఫీసు వీధిగుమ్మానికి కుడివైపే కాబట్టి ఆరోవాడు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాడు, ముద్రలు వంకర లేకుండా వేస్తున్నాడని పైఅధికారి మెచ్చుకున్నాడు. వీర్రాజు గారితో నీళ్ల సంగతి ఏడోవాడు మాట్లాడాడు, ఆ గొంతు విని ఆయన ట్యాంకు తాళంచెవి కూడా ఇచ్చి వెళ్లారు. సాయంత్రాలు హైమవతి బడి కబుర్లు మూడోవాడికి చెప్పేది. అతను ఆమె మాట పూర్తయ్యాక, ఒక్క రవ్వ ఆగి, అప్పుడు జవాబిచ్చేవాడు. ఈయన ఈమధ్య నా మాట వింటున్నారు అని ఆమె పక్క ఫ్లాటు వాళ్లతో అంది. సెకనులో యాభయ్యో వంతు ఆగితే చాలునని శేషగిరికి ఇరవై మూడేళ్లలో తట్టలేదు. అతనికి బాధ కలిగింది. కుళ్లు కూడా కలిగింది. తన మీద తనకే కుళ్లు పుట్టడం ఏ సెక్షను కిందికి వస్తుందో తెలియక ఊరుకున్నాడు.

పద్నాలుగో రోజు శుక్రవారం. పొద్దున్న తొమ్మిదింటికి హైమవతి మళ్లీ విని, "అయిపోవచ్చిందండీ. ఇంకొక్క చుక్క ఉంది" అంది. ఆ చుక్క ఎవరో గదిలో అందరికీ తెలుసు. ఏడుగురూ నేల చూపులు చూశారు. వాళ్లు మంచివాళ్లే, ఎంతైనా శేషగిరులే కదా. శేషగిరి వాళ్లను ఇబ్బంది పెట్టదలచుకోలేదు. తన ట్రాకు పక్కనున్న మ్యూట్ మీటను తానే నొక్కాడు. నొక్కాక "ఇప్పుడు వినవే" అన్నాడు, ఆ మాట బయటికి రాలేదు.

ఆమె విన్నది. గాంధారం దగ్గర స్ట్రింగ్స్ ఎక్కడా ఆగకుండా, ఒకదాని మీద ఒకటి పరుచుకుని, గదిని అంచుదాకా నింపేశాయి. బొంతల మేకులు సన్నగా మోగాయి. హైమవతి కళ్లు తెరిచింది.

"నిండుగా ఉంది" అంది, ఎవరూ అడగకుండానే.

ఏడుగురూ ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. శేషగిరి కళ్లు తుడుచుకున్నాడు. ఇరవై మూడేళ్ల కోరిక తీరినందుకు అతనికి నిజంగానే సంతోషం కలిగింది. ఆ క్షణంలో తాను పాటలో లేనన్న సంగతి దాన్ని పెద్దగా తగ్గించలేదు.

మిగిలింది దరఖాస్తు పూర్తిచేయడం. చేతిరాత బాగుంటుందని ఆ పని శేషగిరే పెట్టుకున్నాడు. మొదటి వరసలో అసలు పేరు, వాద్యం, ప్రస్తుత స్థితి అని మూడు గడులున్నాయి. పేరు రాశాడు, వయొలిన్ అని రాశాడు, మూడో గడిలో "నిండినది" అని రాసి చూసుకున్నాడు. ఆ మాట పలచగా అనిపించింది. ఆఫీసు భాషలో దేనికైనా బరువు రావాలంటే తోక తగిలిస్తారు. వ్రాసినది అనరు, వ్రాసుకొన్నది అంటారు. పొందినది అనరు, పొందియున్నది అంటారు. ఇన్ని రోజులుగా అన్నిటినీ దళసరి చేస్తూ వచ్చిన చెయ్యి ఆ మాటను కూడా కాస్త దళసరి చేసింది. అందంగా, గుండ్రటి అక్షరాలతో, "నిండుకొన్నది" అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టాడు. ఆరోవాడు దాన్ని ఆఫీసుకు వెళ్తూ దారిలో ఇచ్చేశాడు.

శనివారం పది గంటలకు నూకరత్నం విచారణకు వచ్చింది. గుమ్మంలోనే ఆమె మొహం వాడిపోయి ఉంది. హైమవతి పెసరట్లు పోస్తూ, కూర్చోమని అక్కడినుంచే కేక వేసింది.

"పర్లేదండీ, రెండే ముక్కలు" అంది నూకరత్నం మెల్లగా. "ఆయన వయొలిన్... నిండుకుందని రాశారండి."

"ఆ, అవునమ్మా" అంది హైమవతి, పెనం మీద అట్టు చుయ్యిమంటుంటే సగం విని. "నిన్న పొద్దున్నే. నేనే అన్నాను."

"అయ్యో పాపం" అంది నూకరత్నం. మంచి మనిషి కాబట్టి ఆమె కాసేపు తల దించుకుని నిలబడింది. తర్వాత విచారణ మొదలుపెట్టింది. వరసగా ఏడుగురినీ నిలబెట్టి, పేరు చెప్పించి, టిక్కు పెట్టుకుంది. చివర ఒక మనిషి మిగిలాడు. అతను రెండు చేతులూ ఊపుతూ, దరఖాస్తు వైపు వేలు చూపిస్తూ, నోరు తెరిచి మూస్తూ ఉన్నాడు.

"ఈయనెవరండీ?"

"ఆయన మ్యూట్‌లో ఉన్నారండీ" అన్నాడు నాలుగోవాడు. అది నిజమే.

"మ్యూట్‌లో ఉన్నవి లెక్కలోకి రావండి" అంది నూకరత్నం. ఆమె మొదటి వరసను స్కేలు పెట్టి కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో "అసలు నిండుకొన్నందున" అని రాసి, కింది ఏడు వరసలకూ టపటపా ముద్రలు వేసింది. పుట్టుమచ్చల గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ తడబాటు ఇప్పుడు ఏడుగురిలో ఎవరికైనా ఉందా అని అడిగింది. లేదన్నారు. దాన్ని కూడా కొట్టేసింది. పెసరట్టు తిని వెళ్లమని హైమవతి బలవంతం చేస్తే, ఈ పరిస్థితిలో వద్దండీ అని కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది. ఆవిడకేమైందో హైమవతికి అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్న శేషగిరి బొంతల గదిలో కూర్చున్నాడు. విషయం ఇంకా చెయ్యి దాటిపోలేదు. మ్యూట్ మీట ఎదురుగానే ఉంది. ఒక్కసారి నొక్కితే అతని గొంతు అతనికి వస్తుంది. హాల్లోకి వెళ్లి, జరిగింది ఒక్క అక్షరం పొరపాటని చెప్పుకోవచ్చు. అయితే పాట మళ్లీ పలచబడుతుంది, హైమవతి మాట చెల్లకుండా పోతుంది, గుమ్మంలో ఏడు జతల చెప్పులు మిగులుతాయి. అతను వేలు మీట మీద పెట్టి ఉంచాడు.

హాల్లో పాట మోగుతోంది. హైమవతి బడి నోట్‌బుక్కులు దిద్దుకుంటూ వింటోంది. రెండో వరస వచ్చి, గాంధారం మీదుగా నున్నగా జారి ముందుకు వెళ్లింది. ఆమె ఎర్ర పెన్ను ఆగింది.

"ఏవండీ" అంది. "ఇక్కడ మీరు ఆగేవారు కదా. తల ఎత్తి."

గదిలో శేషగిరి తల ఎత్తాడు.

హాల్లో మూడోవాడు ఆమె మాట పూర్తిగా విని, ఒక్క రవ్వ ఆగి, "అది తప్పు. సరిచేశాను" అన్నాడు.

పాట చివరిదాకా వెళ్లి ఆగింది. "పోన్లెండి" అంది హైమవతి. "ఇప్పుడే నిండుగా ఉంది." అరటిపండు ఒలుచుకున్నంత తేలిగ్గా ఆ మాట అనేసి, మళ్లీ నోట్‌బుక్కులు దిద్దుకోవడంలో పడింది.

శేషగిరి మీట మీది నుంచి వేలు తీశాడు. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిగి, బొంతకు ఆనుకుని కూర్చున్నాడు. రేపు సోమవారం. కుడివైపు శేషగిరి ఆఫీసుకు వెళ్తాడు, ముద్రలు వంకర లేకుండా వేస్తాడు. ఆలోచిస్తే ఫిర్యాదు చేయడానికేమీ లేదు. తన ఇరవై రెండేళ్ల సర్వీసులో, శుభ్రమైన నకలు చేతికి వచ్చాక అసలు ఏమైందని అడగడానికి వెనక్కి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.